ఈ ఫొటోలు ఒక్కసారి సూడుండ్రి

అన్నలూ అక్కలూ, రాత్రి గౌరీ గిల్ అనే ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటోలు సూస్కుంట కూసున్న, ఇంక ఫోన్ పక్కకు పెట్టబుద్ధి కాలే. మహారాష్ట్ర జవ్హార్ దిక్కు పండుగకు దేవుళ్ల మాస్కులు చేసే ఆదివాసీ కళాకారులతోని మామూలు మనుషులయి, జంతువులయి, వస్తువులయి గుడ కాగితపు గుజ్జుతోని చేపిచ్చింది, అవి పెట్టుకొని వాళ్లు రోజు చేసే పనులే చేస్తుంటే ఫొటోలు తీసింది, మొఖం కనవడకున్నా మనిషి మనసు తెలుస్తది. 2023ల ఫొటోగ్రఫీకి ఇచ్చే ప్రి పిక్టే అవార్డు వచ్చింది ఆమెకు.

మనదగ్గర తక్కువనా, కరీంనగర్ దిక్కు బూరుగుపల్లిల పుట్టిన పెయింటర్ తోట వైకుంఠం బొమ్మల ఆ పెద్ద బొట్టు సూస్తే నాకు మా అమ్మమ్మే యాదికొస్తది.

ఐతారం భద్రకాళి చెరువు కట్ట మీద కలుస్తున్నం కదా, అందరు మీకు బాగా నచ్చిన ఒక్క ఆర్టిస్టు పని ఫోన్ల తెచ్చుకోండ్రి, ఎందుకు నచ్చిందో గుడ చెప్పాలె.