తాడుకూ బిగువే, కథకూ బిగువే

సంపాదకులకు నమస్కారం.

కరగని రేణువులు ద్రవంలో వేలాడుతూ ఉండే మిశ్రమాన్ని తొమ్మిదో తరగతి పిల్లలకు రసాయనశాస్త్రంలో ‘అవలంబనం’ (సస్పెన్షన్) అని చెబుతాం. లాగిన తాడులోని బిగువును భౌతికశాస్త్రంలో ‘తన్యత’ అంటాం. తెలుగు పీరియడ్‌లో కథ దగ్గరికొచ్చేసరికి ‘ఉత్కంఠ’ అంటాం. పిల్లల దృష్టిలో ఇవి బట్టీ పట్టాల్సిన మూడు వేర్వేరు నిర్వచనాలు, అంతే. సస్పెన్షన్, సస్పెన్స్ అనే ఇంగ్లిష్ మాటలు రెండూ ‘వేలాడదీయడం’ అనే ఒకే లాటిన్ క్రియ నుంచి వచ్చాయి. తెలుగులో ఆ చుట్టరికం లేదనుకుంటే పొరపాటు. తాడు బిగువుగా ఉందంటాం, కథ బిగువుగా నడిచిందంటాం. తేలని వ్యవహారం వేలాడుతోందంటాం. పైకి పోలేక, కిందికి రాలేక మధ్యలో చిక్కుకున్నవాడిది త్రిశంకు స్వర్గమంటాం. వాడుకలో ఉన్న ఈ చుట్టరికాన్ని పారిభాషిక పదాలే విడగొట్టాయి.

సైన్సు, లెక్కలు, తెలుగు ఉపాధ్యాయులు ముగ్గురూ మాట్లాడుకుని, ఈ భావాన్ని ఒకే వారంలో చెప్పాలని మా మనవి. ప్రతి పీరియడ్‌లోనూ పిల్లలు అడగాల్సినవి మూడే ప్రశ్నలు. పడిపోకుండా పట్టి ఉంచుతున్నది ఏమిటి? ఎంతసేపు పట్టి ఉంచగలదు? వదిలితే ఏమవుతుంది?

మొదలు సైన్సు గదిలోనే కావాలి, అక్కడైతే విషయం కంటికి కనిపిస్తుంది. లీటరు పట్టే పారదర్శకమైన సీసా తీసుకుని, మూడోవంతు జల్లించిన మట్టి, చిటికెడు డిటర్జెంట్ పొడి వేసి, మెడ దాకా నీళ్లు పోయాలి. మూత బిగించి మూడు నిమిషాలు గట్టిగా ఊపి, కదలని బల్ల మీద పెట్టాలి. ఇసుక నిమిషంలో దిగిపోతుంది. ఒండ్రుకు రెండు గంటలు కావాలి. బంకమన్ను మాత్రం మర్నాటికి కూడా నీళ్లను మబ్బుగానే ఉంచుతుంది. భౌతికశాస్త్రవేత్త స్టోక్స్ 1851లో ఇచ్చిన సూత్రం ఇక్కడ అక్కరకొస్తుంది. రేణువు దిగే వేగం దాని వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. 20 మైక్రోమీటర్ల ఒండ్రు రేణువు నీళ్లలో 10 సెంటీమీటర్లు దిగడానికి ఐదు నిమిషాలకు కొంచెం తక్కువే పడుతుంది. 2 మైక్రోమీటర్ల బంక రేణువుకు అదే దూరం ఎనిమిది గంటలు. వ్యాసం పదోవంతు, సమయం వంద రెట్లు. ఈ లెక్కను పిల్లల చేతే చేయించాలి.

డిటర్జెంట్ మానేస్తే బంక రేణువులు ఒకదానికొకటి అంటుకుని గుత్తులుగా తొందరగా దిగిపోతాయి, పొరలు విడిగా కనబడవు. ఎక్కువైతే నురగ పొంగి పై గీత దొరకదు. సీసాను మధ్యలో ఎవరైనా జరిపితే మళ్లీ మొదటికే. నీళ్లలో కరగని పదార్థానికి ఉదాహరణగా సుద్దముక్క పొడితో చేసే ప్రయోగంలోనూ ఒక తిరకాసుంది. చాలా సుద్దముక్కలు జిప్సంతో చేసినవి. లీటరు నీళ్లలో రెండు గ్రాములకు పైగా జిప్సం కరుగుతుంది. అంటే 200 మి.లీ. నీళ్లలో చిటికెడు పొడి వేసి ‘ఇది కరగదు’ అని చెబితే అది నిజం కాదు, చాలావరకు కరిగిపోతుంది. 5 గ్రాములు వేస్తే అడుగున మిగిలేది బాగా కనిపిస్తుంది.

ఇక పట్టు వదిలించడం. ఒక గ్రాము పటికను 100 మి.లీ. నీళ్లలో కరిగిస్తే ఒక్కో మి.లీ.లో 10 మిల్లీగ్రాములుంటుంది. బురదనీళ్లు లీటరుకు ఇది 5 నుంచి 10 మి.లీ. చాలు. బురదనీళ్లు డిటర్జెంట్ కలపనివి కావాలి. నిమిషం పాటు జోరుగా తిప్పి, తర్వాత పది నిమిషాలు మెల్లగా తిప్పాలి. బంక రేణువుల మీది రుణావేశమే వాటిని ఒకదానికొకటి దూరంగా ఉంచుతోంది. పటికలోని అల్యూమినియం ఆ ఆవేశాన్ని తీసేస్తుంది, రేణువులు ముద్దకట్టి దిగిపోతాయి. జోరుగా తిప్పుతూనే ఉంటే కట్టిన ముద్దలు మళ్లీ విరిగిపోతాయి. స్వేదనజలంతో చేస్తే ప్రయోగం సరిగా రాదు, పటిక పని చేయడానికి నీళ్లలో కొంత బైకార్బొనేట్ ఉండాలి. మందు సీసా మీద ‘వాడే ముందు బాగా కలపండి’ అని ఎందుకు రాస్తారో చెప్పాల్సిన చోటు కూడా ఇదే. కలపకుండా తాగిస్తే మొదటి మోతాదుల్లో మందు తక్కువ, అడుగున మిగిలిన మోతాదుల్లో ఎక్కువ. ఈ ఒక్క మాట ఇంటిదాకా చేరినా పాఠం దండగ కాదు.

తన్యత పాఠానికి కిలో దాకా తూగే రెండు స్ప్రింగ్ త్రాసులు, సాగని నూలు తాడు, 200 గ్రాముల తూకపు రాయి చాలు. రాయిని తాడు మధ్యలో కట్టి, రెండు కొసలనూ త్రాసులకు తగిలించాలి. తాడు క్షితిజ సమాంతర రేఖతో 60 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కో త్రాసు సుమారు 115 గ్రాములు చూపుతుంది. 30 డిగ్రీల దగ్గర సరిగ్గా 200. 10 డిగ్రీలకు 576. 5 డిగ్రీలకు కిలో దాటి ముల్లు చివరికంటా పోతుంది, అక్కడ ఆపకపోతే స్ప్రింగ్ పాడవుతుంది. త్రాసును వాలుగా పట్టుకున్నప్పుడు సున్నా జరుగుతుంది కాబట్టి, ప్రతి కోణం దగ్గరా ముందు ఖాళీగా చూసుకోవాలి. అప్పుడు పిల్లల్ని తాడును పూర్తిగా అడ్డంగా, ఏమాత్రం వాలు లేకుండా లాగమనండి. ఎంతమంది లాగినా కాదు. తాడు చదునయ్యేకొద్దీ బిగువు పెరుగుతూనే ఉంటుందని చేతులకు తెలిసిన పిల్లవాడికి సూత్రం మళ్లీ చెప్పనక్కర్లేదు.

లెక్కల ఉపాధ్యాయుడు అదే బల్ల మీద గొలుసు వేలాడదీయవచ్చు. 60 సెం.మీ. దూరంలో రెండు మేకులు, వెనక గ్రాఫు కాగితం. వేలాడే గొలుసు తీసుకునే వంపు పరావలయం (పారబోలా) కాదు, ‘కేటినరీ’ అనే వేరే వక్రం. ఈ వక్రానికి 1691లో లైబ్నిట్జ్, హైగెన్స్, యోహాన్ బెర్నూలీ సమాధానం కనుక్కున్నారు. అయితే గొలుసు 6 సెం.మీ.లే దిగితే తేడా అసలు కనబడదు. అడుగు బిందువు నుంచి మేకు వైపు సగం దూరంలో పరావలయం ఎత్తు 1.5 సెం.మీ., గొలుసు ఎత్తు 1.49. ఇక్కడే చాలామంది ‘రెండూ ఒకటే’ అని తేల్చేస్తారు. గొలుసును 60 సెం.మీ. లోతుకు దింపండి. అదే చోట పరావలయం 15 దగ్గర ఉంటే గొలుసు పదిన్నర దగ్గరే ఉంటుంది. వేలాడే వంతెనలో బరువులో ఎక్కువ భాగం సమంగా పరిచిన రోడ్డుదే కాబట్టి, దాని తీగ దాదాపు పరావలయమే అవుతుంది. 1937లో తెరిచిన గోల్డెన్ గేట్ వంతెన మధ్య భాగం పొడవు 1280 మీటర్లు, తీగ దిగుడు 143 మీటర్లు. ఆ రెండు అంకెలతో సమీకరణం రాయించవచ్చు.

తెలుగు గదిలో చేయాల్సిన పని మిగతావాటి కన్నా పెద్దది. వాక్యాన్ని వేలాడదీసే ఏర్పాటు మన వ్యాకరణంలోనే ఉంది. దాని పేరే అసమాపక క్రియ, అంటే వాక్యాన్ని ముగించని క్రియ. ‘తలుపు తోసి, దీపం వెలిగించి, మంచం కిందికి వంగి...’ అని ఆపండి. తరగతి మొత్తం సమాపక క్రియ కోసం ఎదురుచూస్తుంది. ఆ ఎదురుచూపే ఉత్కంఠ. తాడుకు రెండు కొసలున్నట్టు ఈ వాక్యానికి ఒక కొస కర్త, రెండో కొస చివరి క్రియ. పిల్లల చేత రెండు, నాలుగు, ఎనిమిది అసమాపక క్రియలతో మూడు వాక్యాలు రాయించి పైకి చదివించండి. నాలుగైదు దాటితే వినేవాడు కర్తను మరిచిపోతాడు. మధ్యలో కర్త మారితే తాడే తెగుతుంది. ‘సీత తలుపు తోసి, గాలి వీచి, దీపం ఆరిపోయింది’ అన్న వాక్యం ఎందుకు కుంటుతోందో పిల్లలు చెవితోనే పట్టుకుంటారు.

తర్వాత కథ. ‘రాము నిచ్చెనెక్కాడు. మూడో మెట్టు విరిగింది.’ ఇది ఉలికిపాటు మాత్రమే. ‘మూడో మెట్టుకు మేకు ఊడి ఉంది. రాము నిచ్చెనెక్కడం మొదలుపెట్టాడు.’ ఇది ఉత్కంఠ. రాముకు తెలియనిది చదివేవాడికి తెలియడమే ఇక్కడ పట్టి ఉంచే తాడు. మేకుకూ మూడో మెట్టుకూ నడుమ ఎన్ని వాక్యాలు పెట్టాలన్నదే అభ్యాసం. ఒక్కటే పెడితే బిగువు ఏర్పడదు. ఐదారు బాగుంటాయి. పాతిక పెడితే మేకు సంగతి మట్టి రేణువులా అడుక్కి దిగిపోతుంది, నడుమ ఒకసారి నిచ్చెన కిర్రుమనాలి. సీసాను మళ్లీ ఊపడమంటే అదే. ‘భయం వేసింది’, ‘గుండె దడదడలాడింది’ లాంటి మాటలు ఈ అభ్యాసంలో వాడకూడదని నియమం పెట్టండి. పిల్లలు మొదట ఇబ్బంది పడతారు, తర్వాత వాళ్ల వాక్యాలే మారతాయి.

సంగీతం నేర్పేవారుంటే హార్మోనియం మీద మ, ద, పై స కలిపి నొక్కి, మ మీది వేలు తీయకుండా తక్కినవాటిని కింది స, ప లకు మార్చాలి. మ అక్కడ ఇమడక నలుగుతుంది. దాన్ని అంతర గాంధారానికి దించగానే చెవికి ఊరట. పాశ్చాత్య సంగీతంలో దీన్ని సస్పెన్షన్ అనే పిలుస్తారు. మ ముందే మోగి ఉండకపోతే అది ఉత్త అపస్వరంగానే వినిపిస్తుంది. ఊడిన మేకును ముందే చూపించడం లాంటిదే ఇదీ. పౌరశాస్త్రంలో, విచారణ తేలేదాకా ఉద్యోగిని సస్పెండ్ చేయడం తొలగించడం కాదని చెబితే చాలు.

ఒక్క జాగ్రత్త. మట్టి రేణువుకు ఆత్రం ఉండదు. దాని ముగింపు భూమ్యాకర్షణ చేతిలో, కథ ముగింపు రచయిత చేతిలో. పోలిక ఎక్కడ ఆగుతుందో కూడా పిల్లల చేతే చెప్పించాలి, లేకపోతే సైన్సు జవాబులో కవిత్వం వస్తుంది.

ప్రశ్నపత్రాలు తయారుచేసేవారికి ఒక విన్నపం. ‘అవలంబనం అనగానేమి?’ అని అడగడం మానండి. ఊపి పెట్టిన మట్టినీళ్ల సీసా బొమ్మను ఐదు నిమిషాలకు, ఎనిమిది గంటలకు గీయమనండి. దాని కిందే ‘వాడు తాళం తీసి, లోపలికి తొంగిచూసి...’ అని ఇచ్చి, ఆ వాక్యాన్ని ఇంకో మూడు అసమాపక క్రియల దాకా తెగకుండా లాగమనండి.

భవదీయులు,
సైన్సు, గణితం, తెలుగు బోధిస్తున్న ఉపాధ్యాయులు