రెంటచింతల పక్కన ఒక్క అంకె చాలదు

సంపాదకులు గారికి నమస్కారం.

ఏటా ఏప్రిల్ వచ్చేసరికి మా ఊరి పేరు మీ పత్రికలో కనిపిస్తుంది. ఉష్ణోగ్రతల పట్టికలో రెంటచింతల పక్కన 44 అనో 45 అనో వేసి, పైన ‘భానుడి భగభగలు’ అని శీర్షిక పెట్టి, ముఖానికి చున్నీ చుట్టుకుని స్కూటీపై వెళ్తున్న యువతుల ఫొటో ప్రచురిస్తారు. నలభై ఏళ్లుగా పత్రిక చదువుతున్న నాకు, ఈ కాలంలో ఎండలు మారాయి గానీ వాటి గురించి రాసే తీరు మారలేదనిపిస్తోంది.

నిరుడు ఏప్రిల్ నెలాఖరులో మా పక్క వీధిలో ఉండే యాభై ఏళ్ల మహిళ ఒకరు పొద్దున్నే ఉపాధి పనికి వెళ్లి వచ్చి, మధ్యాహ్నం మిర్చి కల్లంలో తాలు కాయలు ఏరే కూలికి పోయి, ఆ రాత్రి నిద్రలోనే కన్నుమూశారు. ఉపాధి పనిలో కూలి కొలతల మీద వస్తుంది కనుక నీడన కూర్చున్న అరగంట కూలిలో తగ్గుతుంది. ఆమెది నాపరాళ్ల గోడలు, రేకుల కప్పు ఉన్న ఇల్లు. పగలంతా కాగిన ఆ గోడ మీద అర్ధరాత్రి దాటాక చెయ్యి పెట్టినా చురుక్కుమంటుంది. మర్నాడు జిల్లా పేజీలో ‘వడదెబ్బకు మహిళ మృతి’ అని రెండు వాక్యాల వార్త వచ్చింది. పోస్టుమార్టం జరగలేదు, కాగితాల్లో గుండెపోటు అని రాశారు, కుటుంబానికి పరిహారం రాలేదు. ఆమె ఏ పని చేస్తూ ఎండన పడ్డారో, ఆ రాత్రి ఎంత ఉక్కగా ఉందో, ఆమె మరణం ప్రభుత్వ లెక్కలోకి ఎందుకు ఎక్కలేదో మీ విలేకరి అడిగి ఉంటే అది రెండు వాక్యాల్లో ముగిసే వార్త అయ్యేది కాదు.

2015 మే నెల వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే, వారిలో అత్యధికులు మన రెండు తెలుగు రాష్ట్రాలవారే. అవి లెక్కకెక్కిన మరణాలు మాత్రమే. లెక్కకెక్కనివి ఎన్ని ఉంటాయో అహ్మదాబాద్ అనుభవం చెబుతుంది. 2010 మేలో అక్కడ ఎండ 46.8 డిగ్రీలకు చేరిన తరువాత పరిశోధకులు వడదెబ్బ కేసుల జాబితాతో సరిపెట్టుకోకుండా, ఆ నెలలో నగరంలో సంభవించిన మొత్తం మరణాలను మామూలు సంవత్సరాలతో పోల్చి చూస్తే 1,344 ఎక్కువగా తేలాయి. ఆ తరువాతే, 2013లో, ఆ నగరం ఎండల నుంచి ప్రజలను కాపాడే కార్యాచరణ ప్రణాళికను అమలులోకి తెచ్చింది. మన పురపాలక సంఘాల్లో, పంచాయతీల్లో జనన మరణాల రిజిస్టర్లు ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల మరణాలను గత పదేళ్లతో పోల్చి చూడటం ఒక జిల్లా విలేకరికి అసాధ్యమైన పని కాదని నా నమ్మకం.

పట్టికలోని అంకె కూడా సగమే చెబుతుంది. వాతావరణ శాఖ వడగాడ్పులను గుర్తించేందుకు మైదానాల్లో కనీసం 40 డిగ్రీలు, కోస్తాలో 37 డిగ్రీలు ప్రాతిపదికగా తీసుకుంటుంది. సముద్రం దగ్గర గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒంట్లో వేడి బయటికి పోదు. అందుకే మచిలీపట్నంలో 38 డిగ్రీలైనా తేలిగ్గా తీసుకోదగింది కాదు. పగటి ఉష్ణోగ్రత పక్కనే తేమ శాతాన్నీ, రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రతనూ వేయడానికి మీకు రెండు గడులు అదనంగా చాలు.

ఇక వాతావరణ మార్పు సంగతి. ఎండల వార్తల్లో ఆ మాట అసలు రాదు, వస్తే అన్నిటికీ అదే కారణమన్నట్టు వస్తుంది. 2022 మార్చి, ఏప్రిల్‌లలో భారత్, పాకిస్తాన్‌లను మాడ్చిన ఎండలను పరిశీలించిన వరల్డ్ వెదర్ అట్రిబ్యూషన్ (విపరీత వాతావరణంలో భూతాపం పాత్ర ఎంతో లెక్కగట్టే బృందం) శాస్త్రవేత్తలు, మనుషుల వల్ల పెరిగిన భూతాపం కారణంగా అలాంటి ఎండలకు అవకాశం సుమారు 30 రెట్లు పెరిగిందని అంచనా కట్టారు. ఎప్పుడో ఒకసారి చూసే ఎండను ఇకపై తరచూ చూడవలసి వస్తుందని దాని అర్థం. ఇంత స్పష్టంగా చెప్పగలిగిన విషయాన్ని ‘రోహిణికి ముందే రోళ్లు పగిలే ఎండలు’ అనే శీర్షిక కింద వదిలేయడం పాఠకుడికి అన్యాయం. మరోవైపు, 2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు ‘ప్రకృతి ప్రకోపం’ అన్న మాట ఎంత సులువుగా వాడారో గుర్తుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు కాబట్టి వానలు ఉద్ధృతమవుతున్న మాట నిజమే. కానీ వాగు దారిలో ఇళ్లు వెలియడం, కట్టలు బలహీనపడటం ఆకాశం చేసిన పనులు కావు. రెండింటినీ ఒకే వార్తలో, ఏది ఎంత అని విడమరిచి రాయాలి.

ఈ వేసవిలో ఒక్క వారం పాటు మీ విలేకరిని మా మండలానికి పంపమని కోరుతున్నాను. ఉదయం ఆరింటికి ఉపాధి కూలీలతో, మధ్యాహ్నం మాచర్ల నాపరాయి క్వారీల్లో, రాత్రి పదకొండుకు ఏదో ఒక రేకుల ఇంట్లో ఉండి, చూసింది రాయమనండి. ఫొటో కూడా ఇక్కడే తీయించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
రెంటచింతల, పల్నాడు జిల్లా.