జాదర్ రేవు నుంచి శీనుగాడికి

ఒరేయ్ శీనూ,

ముందు తిట్టాలనుకున్నవన్నీ తిట్టేసి అప్పుడు చదువు. నీ మెసేజ్‌లన్నీ చూశాను, ఒక్కదానికీ జవాబివ్వలేకపోయాను. మధ్యలో ఓడలో ఒక జనరేటర్ మొండికేసింది, ఇంజిన్ రూమ్‌లో అందరం వంతులేసుకుని నిద్రపోతున్నాం. క్షమించు.

ఇంటి కబుర్లు గబగబా చెప్పేస్తాను. అమ్మ మోకాలి ఆపరేషన్‌కి ససేమిరా అంటోంది. చిన్నదానికి ముందు పళ్ళు ఊడాయి, ఫోన్‌లో చూపించి మరీ నవ్వుతోంది. నా కాంట్రాక్ట్ సంక్రాంతి లోపు అయిపోవచ్చు, అవకపోవచ్చు. అంతే. ఇక అసలు సంగతి.

నేను లూకా ఊరికి వచ్చాను రా! క్రొయేషియా ఫుట్‌బాలర్ మోడ్రిచ్ వాళ్ళ ఊరు! జాదర్!

తర్వాతి పోర్ట్ జాదర్ అని మెస్‌లో చెప్పినప్పుడు పక్కవాళ్ళు తల కూడా ఎత్తలేదు. నాకు మాత్రం ఆ పూట అన్నం సహించలేదు. షోర్ లీవ్, అదే ఊళ్ళోకి దిగే సెలవు, దొరుకుతుందా లేదా అని ఒకటే టెన్షన్. చీఫ్ ఇంజనీర్‌ని ఎలా ఒప్పించానో అడక్కు, 'రొయ్యల వేపుడు పద్ధతి' అంటే నీకు అర్థమవుతుంది. దొరికింది. రేవు బయట టాక్సీ ఎక్కి "కొలోవారె హోటల్" అన్నాను. నా సేఫ్టీ బూట్లు చూసి, గది తీసుకున్నావా అని అడిగాడు డ్రైవర్. గది కాదు, కార్ పార్కింగ్ చూడాలి అన్నాను. ఆయన అద్దంలోంచి నన్ను చూసి "లూకా" అన్నాడు. ఇంకేమీ అడగలేదు.

దారిలో కొండ చూపించాడు. వెలెబిట్. సముద్రానికి అవతల గోడ కట్టినట్టు నిలబడి ఉంటుంది. ఆ కొండ మీంచి 'బురా' అని చలిగాలి దిగుతుంది, కారు తలుపు తీస్తే లాగేసుకునేంత. ఆ కొండ కిందే మోడ్రిచి అనే చిన్న పల్లె. ఐదేళ్ళ లూకా కర్ర పట్టుకుని మేకలు తోలుకుపోయే వీడియో ఉంది చూడు, నేను మొదట నీకే పంపాను, అది ఆ కొండ మీద తీసిందే. తర్వాత ఏడాదికే, 1991 డిసెంబర్‌లో, క్రొయేషియా స్వాతంత్ర్య యుద్ధంలో, తాతగారిని సెర్బ్ సాయుధులు కాల్చి చంపేశారు. ఆయన పేరు కూడా లూకాయే, మనవడికి ఆ పేరే పెట్టారు. పిల్లాడికి ఆరేళ్ళు. ఇల్లు తగలబెట్టేశారు. తండ్రి సైన్యంలో చేరాడు, కుటుంబం జాదర్‌కి పారిపోయి వచ్చి ఈ హోటల్లో శరణార్థులుగా తలదాచుకుంది. ఏళ్ళ తరబడి రా! ఊరి మీద షెల్స్ పడుతూనే ఉన్నాయి. వీడు కింద పార్కింగ్‌లో బంతి తన్నుకుంటూనే ఉన్నాడు. బాంబులకంటే వీడి బంతికే ఎక్కువ కిటికీలు పగిలాయని హోటల్ వాళ్ళు అనేవారట.

నేను అక్కడ నిలబడ్డాను. గట్టి నేల, కార్లు, కార్ల మధ్య సందులు, పక్కన బీచ్, పైన్ చెట్లు. ఇంతే. ఫొటో తీస్తే ఏ ఊరి పార్కింగో కూడా తెలియదు. అయినా కాళ్ళు కదల్లేదు. బంతి రాకముందే భుజం మీంచి అటొకసారి ఇటొకసారి చూసుకుంటాడు కదా, ఆ తర్వాత ఒక్క టచ్‌తో మనిషిని దాటేస్తాడు కదా, ఆ అలవాటు ఇక్కడే మొదలై ఉంటుందా అని చూస్తూ ఉండిపోయాను. నాకైతే అలాగే అనిపించింది. నువ్వు వద్దన్నా అలాగే అనుకుంటాను.

ఇక్కడి పిల్లలందరికీ హాయ్‌దుక్ స్ప్లిట్ అంటే ప్రాణం. ఆ క్లబ్ వీణ్ణి చూసి, ఒళ్ళు లేదు, పొట్టిగా ఉన్నాడు అని పంపేసింది. వెంకోజీపాలెం సెలెక్షన్స్ గుర్తొచ్చాయి కదూ? నాకూ గుర్తొచ్చాయి, ఆ పేరు మళ్ళీ ఎత్తను. ఇక్కడ మాత్రం తోమిస్లావ్ బాషిచ్ అని జాదర్ అకాడమీ పెద్దాయన ఉండేవాడు. ఆయన వీణ్ణి వదల్లేదు. తర్వాత డైనమో జాగ్రెబ్ తీసుకుంది, తీసుకుని బోస్నియాకి లోన్ మీద, అంటే కొన్నాళ్ళకి అప్పుగా, పంపింది, జ్రిన్‌స్కీ మోస్టార్ క్లబ్‌కి. ఎముకలు విరిగేలా ఆడే లీగ్. పద్దెనిమిదేళ్ళకి ఆ లీగ్‌లోనే ఉత్తమ ఆటగాడయ్యాడు! బోస్నియా లీగ్‌లో ఆడినవాడు ఎక్కడైనా ఆడగలడని తర్వాత తనే చెప్పాడు.

మిగతాది నీకు తెలిసిందే. 2008లో ఇంగ్లండ్ క్లబ్ టాటెన్‌హామ్, 2012లో స్పెయిన్ క్లబ్ రియల్ మాడ్రిడ్. మొదటి ఆర్నెల్లలోనే అక్కడి పత్రిక పోల్‌లో ఆ ఏటి అతి చెత్త కొనుగోలు అని ఓట్లేశారు. అదే మాడ్రిడ్‌కి 2014 ఛాంపియన్స్ లీగ్ లిస్బన్ ఫైనల్లో 93వ నిమిషంలో కార్నర్ కొట్టింది ఎవరు? అందరూ దాన్ని తలతో గోల్ కొట్టిన రామోస్ గురించే మాట్లాడతారు. ఆ బంతి సరిగ్గా ఆ తల దగ్గరికి ఎలా వెళ్ళిందో... సర్లే, దీని మీద మనం ఎన్నిసార్లు దెబ్బలాడుకున్నామో.

అన్నట్టు, 2018 బాలన్ డి'ఓర్, అదే ఆ ఏటి ఉత్తమ ఆటగాడి అవార్డు, మోడ్రిచ్‌కి రావడం అన్యాయం అని నువ్వు ఇంకా అంటున్నావట, రవి చెప్పాడు. గోల్స్ లెక్కేసి చూస్తే మిడ్‌ఫీల్డర్ ఎప్పటికీ కనపడడు రా. 2022 ఏప్రిల్, ఛాంపియన్స్ లీగ్‌లో చెల్సీ మ్యాచ్ మళ్ళీ చూడు. సొంత గ్రౌండ్‌లో మాడ్రిడ్ 3–0 వెనకబడింది, రెండు మ్యాచ్‌లూ కలిపితే చెల్సీది 4–3. పది నిమిషాలే ఉన్నాయి. ఎడమ వైపు బంతి మోడ్రిచ్ దగ్గర. మామూలుగా అయితే ఎడమ కాలితో వేయాల్సిన బంతి. కుడి కాలి బయటి అంచుతో కోశాడు. అది డిఫెండర్ల నెత్తి మీంచి వంపు తిరిగి, పరిగెత్తుకొస్తున్న రోడ్రిగో కాలి ముందు దిగింది. రోడ్రిగో దాన్ని కింద పడనివ్వలేదు. ఎక్స్‌ట్రా టైమ్‌లో బెంజెమా ముగించాడు. అప్పటికి మోడ్రిచ్‌కి 36 ఏళ్ళు! ఆ రాత్రి నువ్వు అరిచిన అరుపుకి మీ కింది వాటా ఆయన పైకి రాలేదా? మరి ఇంకేం మాట్లాడతావ్?

డ్రైవర్ సంగతి పూర్తి చేయనీ. హోటల్ నుంచి వెనక్కి వస్తూ స్టానోవి స్టేడియం పక్కగా తీసుకెళ్ళాడు, అడగకుండానే. ఎన్‌కే జాదర్ గ్రౌండ్. "సుబాషిచ్ కూడా ఇక్కడివాడే" అన్నాడు. నాకు తెలుసు గానీ తెలియనట్టు విన్నాను. 2008 మార్చిలో ఇక్కడ లీగ్ మ్యాచ్. గోల్‌కీపర్ సుబాషిచ్ బంతి కొట్టాడు, దాని కోసం పరిగెత్తిన హ్ర్వోయె చుస్టిచ్ గీత దాటి వెళ్ళి కాంక్రీట్ గోడకి తల కొట్టుకున్నాడు. గీతకి అంత దగ్గర్లో గోడ. కొన్ని రోజులకే చనిపోయాడు. అప్పట్నుంచి సుబాషిచ్ జెర్సీ లోపల ఆ ఫ్రెండ్ బొమ్మ ఉన్న బనియన్ వేసుకుని ఆడేవాడు.

ఇప్పుడు 2018 జులై 1, ప్రపంచ కప్‌లో క్రొయేషియా–డెన్మార్క్ మ్యాచ్ గుర్తు చేసుకో. మన మేడ మీద, ప్రొజెక్టర్, దోమలు, పెదబాబు పకోడీలు. 1–1. ఎక్స్‌ట్రా టైమ్ అయిపోతోందనగా మోడ్రిచ్ నడి గ్రౌండ్ నుంచి వేసిన పాస్‌తో రెబిచ్ గోల్‌కీపర్‌ని కూడా దాటేశాడు, వెనక నుంచి పడేశారు. పెనాల్టీ. మోడ్రిచ్ కొట్టాడు, డెన్మార్క్ కీపర్ ష్మైకెల్ పట్టేశాడు. 116వ నిమిషం. నువ్వు ప్రొజెక్టర్ ఆపేయబోయావు, గుర్తుందా? షూటౌట్‌లో కెప్టెన్‌గా మూడో కిక్‌కి మళ్ళీ తనే నడిచి వెళ్ళాడు. అదే కీపర్, గంట కూడా కాలేదు. కొట్టాడు. అటు క్రొయేషియా గోల్‌లో సుబాషిచ్ మూడు ఆపాడు. ఈ ఊరి పిల్లలిద్దరూ రా, ఒకడు ఆ పార్కింగ్ నుంచి, ఒకడు ఆ గోడ పక్క నుంచి. ఆ స్టేడియం బయట కారాపి డ్రైవర్ ఇదంతా చేతులతో చెప్తుంటే నాకు గొంతు పట్టేసింది.

అడగకూడనిది కూడా ఒకటి అడిగాను. ఆ ప్రపంచ కప్‌కి ముందు ఇక్కడి జనమే అతన్ని తిట్టారు కదా? డైనమో క్లబ్ మాజీ పెద్ద మామిచ్ అవినీతి కేసులో మోడ్రిచ్ ఇచ్చిన సాక్ష్యం అబద్ధమని 2018 మార్చిలో అభియోగం పెట్టారు. "లూకా, ఇది నీకు ఒకరోజు గుర్తొస్తుంది" అని అతను పెరిగిన హోటల్ గోడ మీదే రాశారు. ఆ డిసెంబర్‌లో కోర్టు ఆ అభియోగాన్ని కొట్టేసింది. డ్రైవర్ చాలాసేపు మాట్లాడలేదు. "నేనూ తిట్టాను" అన్నాడు చివరికి. తర్వాత ఫైనల్ ఓడి వచ్చినప్పుడు చూడ్డానికి వెళ్ళానని కూడా చెప్పాడు. నాకు ఏమనాలో తెలియలేదు. నలభై లక్షల జనాభా ఉన్న దేశాన్ని ప్రపంచ కప్ ఫైనల్‌కి తీసుకెళ్ళిన మనిషి, ఆ టోర్నీ ఉత్తమ ఆటగాడిగా గోల్డెన్ బాల్ గెలిచిన మనిషి, ఆ మూడు నాలుగు నెలలు ఆ మాటలన్నీ మోస్తూ ఎలా ఆడాడు రా? ఆ ఊళ్ళో నిలబడి ఆలోచిస్తే కప్పుల లెక్కంతా చిన్నగా అనిపించింది. ఆరు ఛాంపియన్స్ లీగ్‌లు గెలిచాడు, అది వేరే సంగతి, కానీ ఆ వేసవి మాత్రం...

ఉండు, ఓడ కదలడానికి స్టాండ్‌బై ఇచ్చారు. పైలట్ ఎక్కేశాడట, కిందికి వెళ్ళాలి. ఇటలీ క్లబ్ మిలాన్ గురించి అసలు మొదలే పెట్టలేదు, చిన్నప్పుడు క్రొయేషియా ఆటగాడు బోబాన్ కోసం మోడ్రిచ్ ఇష్టపడిన క్లబ్‌కి నలభై నిండబోతుండగా వెళ్ళడం, పద్నాలుగో నంబర్ జెర్సీ, ఇవన్నీ తర్వాతి ఉత్తరంలో. నెట్ పోయేలోపు ఇది పంపేస్తున్నాను. నువ్వు డెన్మార్క్ మ్యాచ్ ఎక్స్‌ట్రా టైమ్ పెట్టి రెబిచ్‌కి వేసిన పాస్ దగ్గర ఆపి చూడు, బంతి అందక ముందు ఎటు చూశాడో నాకు రాయి. వదినని అడిగానని చెప్పు

నీ,
గోపిగాడు