గుజరాతీ గల్లీకి పోయే ముందు ఇది చదువు బిడ్డా

దేవరకొండ,
ఆదివారం

బిడ్డా,

నువ్వు పంపిన సామాన్ల లిస్టు రెండుసార్లు చదివిన. ఫోన్ల చెప్తే సగం గాలికి పోతదని రాస్తున్న. శనివారం కోఠిల ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే గుజరాతీ గల్లీకి పోయేటప్పుడు ఈ కాగితం సంచిల పెట్టుకో.

మన బత్తాయి తోటకు నీళ్లు దానంతట అదే పారేటట్టు చేస్తనన్నవు. శానా సంతోషమైంది. 2018 జనవరి 1 నుంచి బోర్లకు 24 గంటల కరెంటు వచ్చినంక, కరెంటు రాంగనే మోటరును లేపే ఆటో స్టార్టర్లు తీసెయ్యమని ఊరూరా చెప్పిన్రు. కరెంటున్నంతసేపు మోటరు నడుస్తనే ఉండె. నేలల తడి ఉన్నదో లేదో ఆ డబ్బాకు ఏమెరుక? నీది తడి చూసి నడిపే పని. అది ఒక్క ఎండాకాలానికే పాడు కావద్దని నా తండ్లాట.

ముందు రిలే సంగతి, అదే చిన్న కరెంటుతోని పెద్ద కరెంటును ఆడిచ్చే స్విచ్చి. నీ లిస్టుల ఉన్న నీలం రిలే మీద 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని ఉంటది. ఆ పది హీటరు అసొంటి వాటికి లెక్క. మోటరు లేచేటప్పుడు నడిచే కరెంటుకు ఐదారింతలు గుంజుతది. నేను ఆ లెక్క చూడక, మూడేండ్ల కింద ఒక రైతు 1 హెచ్‌పీ మోటరుకు నేరుగ ఆ రిలేనే పెట్టిన. నెల తిరగకముందే అతుక్కుపోయింది. సంపు ఖాళీ అయినా మోటరు రాత్రంత ఉత్తగ తిరిగి వైండింగ్ మాడింది. రిలే మూత కోసి చూస్తే, మినపగింజంత లేని కరెంటును కలిపే రెండు పాయింట్లు కరిగి ఒకటైనయి. గోరుతోని లేపితే రాలే. మోటరు నా తీగతోనే చుట్టిచ్చిన. కానీ ఆ నాలుగు రోజులు ఆయన బర్లకు బిందెలతోని నీళ్లు మోసిండు. అది నేను మర్వలే.

మన బోరు 5 హెచ్‌పీ. నీ రిలే ఆ మోటరును ముట్టొద్దు, స్టార్టరు లోపలి స్విచ్చిని గుంజే కాయిల్ వరకే ఆడిచ్చాలె. అండ్ల ఇంకో తిరకాసున్నది. మన స్టార్టర్ కాయిల్ 415 వోల్టులది, రెండు ఫేజుల మీద నడుస్తది. 250 వోల్టుల రిలే దానికీ పనికిరాదు. నడుమ 230 కాయిల్ ఉన్న చిన్న కాంటాక్టర్, అంటే రిలే కన్న గట్టి స్విచ్చి, పెడదం, దాని పాయింట్లు 415 తట్టుకుంటయి. అది నా దగ్గరున్నది, కొనకు. ప్రోగ్రాంల మాత్రం ఒకటి రాయి: కరెంటు పోయి వచ్చినప్పుడు ఐదు నిమిషాలు ఆగాలె. బోర్లన్ని ఒక్కసారే లేస్తే వోల్టేజీ కూలబడతది.

వోల్టేజీ దించేటందుకు 7805 రెగ్యులేటర్ అని రాసినవు. 12 వోల్టులిస్తే 5 పోను మిగిలిన 7 వోల్టులు వేడిగనే పోతయి. వైఫై నడుస్తుంటే, అన్నిటిని ఆడిచ్చే నీ బోర్డు ఈఎస్‌పీ32 300 మిల్లీ ఆంపియర్లు గుంజిందనుకో, రెండు వాట్ల మంట. మే నెల ఎండల రేకు డబ్బాల అది చెయ్యి పెట్టనియ్యదు. ఎల్‌ఎం2596 బక్ కన్వర్టర్ తీసుకో, అది అంత వేడి కాకుండ వోల్టేజీ దించుతది. బోర్డుకు కలపకముందే మీటరు పెట్టి, దాని మీదున్న చిన్న స్క్రూ తిప్పుకుంట 5 వోల్టులకు తెచ్చుకో. కొత్తది ఎంతకు పెట్టి ఉంటదో చెప్పలేం. కెపాసిటర్లల్ల 105 డిగ్రీలని రాసున్నవే ఏరుకో, 85వి వద్దు. వేడి పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగమైతది. 12 వోల్టులున్న తావుల 25 వోల్టులది పెట్టు.

వేడి చూసే సెన్సరు డీహెచ్‌టీ11 అని రాసినవు, అది 50 డిగ్రీల దాకనే కొలుస్తది. మూసిన డబ్బాల మన ఎండ అది దాటుతది. డీఎస్18బీ20 తెచ్చుకో, 125 దాక చెప్తది.

తడి చూసే సెన్సరుల రెండు ముండ్లది వద్దే వద్దు. తడి మట్టిల కరెంటు పారి పారి దాని పూత తినుకపోతది, ఆ తర్వాత అది చెప్పేదంత అబద్ధమే. లోహం మట్టికి తగలని కెపాసిటివ్‌ది తీసుకో. దానికీ ఒక లోపమున్నది, కోసిన అంచుల నుంచి నీళ్లు పీలుస్తది. తెచ్చినంక నాకియ్యి. వైండింగ్‌కు పూసే వార్నిష్ అంచులకు రెండు పూతలేసి ఎండల ఆరబెడత.

దూరం కొలిచే సెన్సరు హెచ్‌సీ-ఎస్‌ఆర్04 ఎకో కాలు 5 వోల్టులిస్తది, నీ ఈఎస్‌పీ32 కాళ్లు 3.3 వరకే తట్టుకుంటయి. ఆ 5ను దించేటందుకు నడుమ 1 కిలో ఓమ్, 2 కిలో ఓమ్ రెసిస్టర్లు పెట్టుడు మర్వకు.

రిలేలు రెండు ఎక్కువే తీసుకో. పైసలు పంపిన. వచ్చే ఆదివారం దాక స్టార్టర్ డబ్బా తుడిచి పెడత. మెయిన్ నేనే దించుత, నేను చెప్పేదాక అండ్ల చెయ్యి పెట్టకు.

మీ నాయిన