పత్తి కాంటా దగ్గర మన సాక్ష్యం

అన్నలకు, అక్కలకు వందనాలు. నల్లగొండ చుట్టుపక్కల పత్తి ఏరుడు మొదలైంది. తూకం పెరగాలని బస్తాల మీద నీళ్లు చల్లే పని మనం చేయొద్దు. మంచు పూర్తిగా ఆరినంకనే ఏరండి. తేమ 8 శాతం లోపుంటే సీసీఐ (పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ) పూర్తి మద్దతు ధర ఇస్తది, 12 దాటితే కొనదు. తడి పత్తి కుప్పలో వేడెక్కి పసుపు తిరుగుతది.

కూలీల సంగతి ఇంకా ముఖ్యం. కిలో లెక్కన ఏరిస్తే వాళ్ల కండ్ల ముందే జోకండి. సంచి బరువే తీసేయండి, తరుగు పేరుతో ఇంకో కిలో కోయొద్దు. పొద్దు గూకకముందే కూలి ఇయ్యాలని బైబిల్‌లో ద్వితీయోపదేశకాండము 24:15లో ఉంది. పత్తి అమ్మినంక ఇస్తమంటే ఆ అక్క ఈ రాత్రికి బియ్యం ఎట్ల కొంటది? పైసలు సర్దుకున్నంకనే కూలీలను పిలవండి. పాత బాకీ ఉంటే ఆదివారం కానుక కన్నా ముందు అది తీర్చండి.