పురానాపూల్ ప్రేమ కోసం కట్టింది కాదు

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ ఆదివారం సంచికలో మా హైదరాబాద్ పాత వంతెన పురానాపూల్ మీద వచ్చిన వ్యాసం చదివాను. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు. మళ్లీ అదే కథ: ప్రియురాలు భాగమతి కోసం గోల్కొండ రాకుమారుడు మహమ్మద్ కులీ మూసీ వరదలో గుర్రాన్ని దూకించాడట, కొడుకు ఏమైపోతాడోనని తండ్రి ఇబ్రహీం కుతుబ్ షా వంతెన కట్టించాడట. వంతెన 1578 నాటిది. 1580లో గద్దెనెక్కేటప్పటికి మహమ్మద్ కులీకి పదిహేనేళ్లు నిండీ నిండలేదు. అంటే వంతెన పూర్తయ్యేసరికి పన్నెండో పదమూడో. పునాది తీసినప్పుడు ఇంకా చిన్నపిల్లాడు. అచ్చు వేసేముందు ఈ లెక్క ఒక్కరైనా చూసుకోవద్దా?

అప్పటికి చార్మినార్ లేదు, హైదరాబాదే లేదు. అవి 1591 నాటి మాట. మరి ఇబ్రహీం కుతుబ్ షా మూసీ మీద 22 కమానులతో అంత రాతి వంతెన ఎందుకు కట్టించాడు? గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు సరుకు పోవాలంటే ఏరు దాటాలి కాబట్టి. వంతెనకూ కోటకూ మధ్య ఉన్న మా కార్వాన్‌కు ఆ పేరు వచ్చింది బిడారుల వల్లే, అంటే సరుకుతో వచ్చే వర్తకుల గుంపుల వల్లే. ఇవేవీ మీ వ్యాసంలో లేవు.

బిడారు వచ్చిందంటే సుంకం ఉంటుంది, సుంకం ఉందంటే ఆగడం ఉంటుంది. 17వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే ఈ సంగతి రాసిపెట్టాడు. నగర ద్వారం దగ్గర ఉప్పు, పొగాకు ఉన్నాయేమోనని మనిషిని వదలకుండా సోదా చేసేవారట. రాజుకు ముఖ్యమైన రాబడి వాటి మీదే. కొత్తవాడైతే లోపలికి పోనివ్వడానికి ఒక్కోసారి ఒకటి రెండు రోజులు పట్టేదట. మరి ఆ రెండు రోజులూ మూటాముల్లెతో మనిషి ఎక్కడుండాలి? పేటలోని మసీదులే పరదేశులకు సరాయిలుగా, అంటే సత్రాలుగా ఉండేవని కూడా ఆయనే రాశాడు.

అలాంటిదే పురానాపూల్ పక్కన మియా మిష్క్ మసీదు. 1678లో కట్టారు. చుట్టూ కమాను గదులు, బాటసారుల కోసం. మొన్న మళ్లీ వెళ్లి చూశాను. ఒక గది గడప రాయి మధ్యలో అరిగి గుంటపడింది. అరచెయ్యి పెడితే అందులో సరిగ్గా ఇమిడింది. ఎన్ని కాళ్లు తొక్కితే రాయి అంతగా అరగాలి? నాకైతే కళ్లలో నీళ్లు తిరిగాయి. షేక్‌పేట సరాయి ఇంకా పెద్దది, రెండంతస్తులు, ముప్ఫై గదులు, గుర్రాలకూ ఒంటెలకూ వేరే చోటు. అటువైపు కార్లో రోజూ పోయేవాళ్లలో ఎంతమందికి తెలుసు?

నిరుడు మియా మిష్క్ మసీదు సరాయి గదుల దగ్గర ఒక బోర్డు పెట్టమని అర్జీ రాసుకుని ఒక ఆఫీసుకు వెళ్లాను. ఇది మా సెక్షన్ కాదన్నారు. రెండో చోట సార్ మీటింగ్‌లో ఉన్నారు. మూడో చోట, ‘అది మసీదు కదండీ, సత్రం ఎక్కడిది?’ అని నన్నే అడిగారు. నాలుగు నెలలు తిరిగాను. అర్జీకి నంబరు కూడా ఇవ్వలేదు. నగర ప్రహరీ దర్వాజాల్లో మిగిలినవే రెండు, పురానాపూల్‌ది, దబీర్‌పురాది. అవీ పోయాక ఎవరికి అర్జీ పెట్టాలి?

మా తాతగారి కాలంలో సుంకం శాఖను కరోడ్‌గిరి అనేవారు. ఇప్పుడు ఫాస్టాగ్. పోయిన నెల మా అమ్మను ఊరికి తీసుకెళ్తుంటే ఒక టోల్‌ప్లాజా దగ్గర బాత్‌రూమ్‌కు తాళం వేసి ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో అక్కడ ఒక్కరికీ తెలియదు. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి, షుగర్ పేషెంటు, ఎండలో అరగంట నిలబడింది. డబ్బు మాత్రం అకౌంట్లోంచి క్షణంలో పోయింది. తానీషా కాలంలో దారి పక్కన తలదాచుకోవడానికి గది ఉండేది. మనకు కనీసం నీడ లేదు.

దయచేసి ఆ వ్యాసానికి సవరణ వేయండి. భాగమతి కథ చెప్పుకోవద్దనను, మా ఇంట్లోనూ చెప్పుకుంటాం. కానీ అది కథేనని ఒక్క మాట రాయండి. దాని పక్కన ఆ సరాయి గదుల ఫొటో వేయండి. మీ విలేఖరిని పంపితే గడప రాయితో సహా అన్నీ నేనే దగ్గరుండి చూపిస్తాను. ఉదయం ఆరింటికల్లా రమ్మనండి, కూరగాయల బేరాలు మొదలయ్యాక వంతెన మీద అడుగు పెట్టడం కష్టం.

ఇట్లు,
మీ పాఠకుడు,
కార్వాన్, హైదరాబాద్