ముప్పై అడుగుల రివర్స్

బెంగళూరు,
ఆదివారం రాత్రి

ఒరే మామా,

ఫోన్లో చెప్తే నవ్వి చంపుతావని ఉత్తరం రాస్తున్నా. ఎలాగూ నవ్వుతావనుకో, నాకు వినపడదు అంతే.

మొత్తానికి కారవాన్, అదే కారు వెనక కొక్కేనికి తగిలించి లాక్కెళ్లే ట్రైలర్ ఇల్లు, ఇంటికొచ్చింది. 16 అడుగుల పొడవు, సామానుతో కలిపి 900 కిలోలు. ఇంజన్ లేకపోయినా 1988 మోటారు వాహనాల చట్టం లెక్కలో ట్రైలర్ కూడా మోటారు వాహనమే! దానికి వేరే రిజిస్ట్రేషన్, వేరే నంబరు. ఆ కాగితాల గోల నువ్వొచ్చాక చెప్తా.

మొదటి ట్రిప్ లేపాక్షికి వేసుకున్నాం. దేవనహళ్లి దాటి కాస్త స్పీడందుకున్నానో లేదో, వెనక బండి తోక ఊపడం మొదలెట్టింది. అద్దంలో ఓసారి కుడివైపు కనిపిస్తుంది, ఓసారి ఎడమవైపు. అరిచేతులు చెమటలు పట్టేశాయి. బ్రేక్ తొక్కలేదు, ఆ రోజు నేను చేసిన తెలివైన పని అదొక్కటే. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ కదలకుండా పట్టుకుంటే మెల్లగా సర్దుకుంది. తప్పు నాదే లే. 60 లీటర్ల నీళ్ల క్యాన్లు తీసుకెళ్లి వెనక మూలన పెట్టా. కారు కొక్కెం మీద ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం పడాలి, అంటే నాకు 90 నుంచి 135 కిలోలు. వెనక బరువెక్కితే ముందు తేలిపోతుంది, అప్పుడే ఆ ఊపు. క్యాన్లు ఇరుసుకి ముందుకి జరిపాక లేపాక్షి దాకా గంగిరెద్దులా బుద్ధిగా వచ్చింది.

అసలు కథ తిరిగొచ్చాక. మా ఇల్లు 30 బై 40 సైటు, వీధి 20 అడుగులు, గేటు 10 అడుగులు, మధ్యలో మోరీ మీద బండలు. ఆ చివరి 30 అడుగులకి గంట పట్టింది! ఎదురింటాయన కన్నడంలో 'బర్లి, బర్లి' (రానీ, రానీ) అంటాడు, పక్కింటాయన 'స్టాప్ స్టాప్' అంటాడు. నేను కుడికి తిప్పితే అది ఎడమకి పోతుంది. రెండుసార్లు కారూ ట్రైలరూ ఎల్ ఆకారంలో మడతపడ్డాయి. మా ఆవిడ క్రోటన్ కుండీ ఒకటి పోయింది. ఆ విషయం ఇంట్లో ఇంకా చల్లారలేదు.

అప్పుడు గుర్తొచ్చావురా నువ్వు. పదో తరగతిలోనే శెనక్కాయల ట్రాలీని ఒంటిచేత్తో కల్లంలోకి రివర్స్ కొట్టేవాడివి. 'నాలుగు చక్రాలదైతే బ్రహ్మ వల్ల కూడా కాదు, రెండు చక్రాలదైతే నాకు నీళ్లు తాగినట్టు' అనేవాడివి. స్టీరింగ్ కింది అంచు పట్టుకోమన్నావు కదా, చెయ్యి ఎటు జరిపితే ట్రాలీ వెనక భాగం అటే పోతుందని! అలా పట్టుకున్నా. జానెడు జానెడు తిప్పుతూ, వంకర పోగానే ముందుకి లాగి సరిచేసుకుంటూ పోతే నాలుగోసారికి గేట్లో దూరింది.

కొక్కెం విప్పబోతుంటే ఎదురింటాయనే ఆపాడు, ముందుగా ట్రైలర్ చక్రాలకి అడ్డు పెట్టమని. ర్యాంపు వీధి వైపు వాలుగా ఉంది మరి. ఇటుక పెడితే పటుక్కున నలిగి పొడైంది. చివరికి చెక్క దిమ్మెలు దొరికాయి, రెండు చక్రాలకీ బిగించాకే విప్పా.

వచ్చే నెల ఒకసారి రా. శెనక్కాయలు తీసుకురా, ఉడకబెట్టుకుని ట్రైలర్లోనే కూర్చుందాం. నీ బండి మాత్రం ఎక్కడ పెడతావో చూసుకో, నా కారే ఇప్పుడు రోడ్డు మీద పడుకుంటోంది.

నీ
మామ